తోక వెనక ఎవరూ ఉండకూడదు

సాయిప్రకాష్‌కి కిరణ్మయి పరిచయమైంది ఒక బండరాయి దగ్గర. అదీ గొడవతో.

మార్చి నెల, సంజయ్ వన్ అనే అడవిలో ఆదివారం నడక. ఢిల్లీకి ఉద్యోగాల కోసమో చదువుల కోసమో వచ్చిపడ్డ తెలుగువాళ్లు ఓ పాతికమంది కలిసి పెట్టుకున్న 'ఆరావళి నడక బృందం' అది. దాన్ని మొదలుపెట్టింది రిటైరైన కేంద్ర ప్రభుత్వ అధికారి సదాశివరావు గారు. ఇక నియమాలకు కొదవేముంటుంది? వాటన్నిటిలోకీ గట్టిది తోక నియమం. వరసలో ముందు నడిచే మనిషి తల, చివర నడిచే మనిషి తోక. తోకకి ఒక పసుపు కోటు, మెడలో విజిల్, చేతిలో రిజిస్టరు. ఎవరెంత ఆలస్యం చేసినా వాళ్లని దాటి తోక ముందుకు పోకూడదు. తోక వెనక ఎవరూ ఉండకూడదు.

ఆ ఏడాది తోక సాయిప్రకాష్. ఆరోజే కొత్తగా చేరిన పిల్ల దారి పక్కన బండ మీద కూర్చుని, బూటు లేసు విప్పి, అతన్ని చెయ్యూపి ముందుకు పొమ్మంది.

"మీరు వెళ్లండి. నేను వచ్చేస్తాను."

"నేను ముందు పోవద్దండి. నేను తోక."

"ఏంటీ?"

"తోక. మీ ఎన్క ఎవ్వరు ఉండొద్దు, నేను తప్ప."

"అచ్ఛా. అంటే నేను లేసు కట్టుకుంటుంటే మీరిలా నిలబడి చూస్తారా?"

"చూడనండి. చెట్లు చూస్త."

అక్కడున్నవన్నీ ముళ్ల కీకర్ చెట్లు, అంటే తుమ్మలే. వాటిలో చూడ్డానికేమీ లేదు. అయినా అతను అటు తిరిగి శ్రద్ధగా చూశాడు. ఆ శ్రద్ధకి ఒళ్లు మండి, కిరణ్మయి కావాలనే లేసు మళ్లీ విప్పి మళ్లీ కట్టుకుంది.

నడక అయ్యాక టీ తాగుతూ తోక రాసిన నివేదికని అందరికీ చదివి వినిపించడం బృందంలో ఆనవాయితీ. ఆరోజు నివేదికలో, పంతొమ్మిది మంది వెళ్లి పంతొమ్మిది మంది తిరిగొచ్చారన్న వాక్యం కింద, ఇలా ఉంది: 'కిరణ్మయి, బూటు లేసు, ఏడు నిమిషాలు.' అందరూ నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది. ఇలాంటి మనుషుల మధ్యకి మళ్లీ రానని మెట్రోలో వాళ్లమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

మరుసటి ఆదివారం అందరికన్నా ముందొచ్చింది. నడవడం మాత్రం అందరికన్నా వెనకే నడిచింది.

గొంతు స్పష్టంగా ఉందని సదాశివరావు గారు ఆమెకి బులెటిన్ పని అప్పగించారు. నివేదిక చదవడం, సాయంత్రానికి దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం, వచ్చే నడక ఎక్కడో ప్రకటించడం అన్నీ ఆమెవే. కిరణ్మయి పుట్టిందీ పెరిగిందీ మయూర్ విహార్‌లో. తండ్రి మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు, ఆమె పని గురుగ్రామ్ ఆఫీసులో. ఇంట్లో గోదావరి జిల్లా తెలుగు, కోపం వస్తే మాత్రం హిందీ.

సాయిప్రకాష్‌ది జగిత్యాల. కరోల్ బాగ్‌లో కిటికీ లేని గదిలో ఆరేళ్లుగా సివిల్స్ చదువుతున్నాడు. వారానికొకసారి ఆకాశం కనపడుతుందని బృందంలో చేరాడు. తనతో పాటు ఢిల్లీ వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే ముందుకు పోయారు, కొందరు కలెక్టర్లై, కొందరు ఆశ వదులుకుని. వెనక మిగలడం తనకెలాగూ అలవాటేనని నవ్వుతూ తోక పని తీసుకున్నాడు. నవ్వుతూ చెప్పినా ఆ మాట నిజం.

అలా ఆదివారం వెంట ఆదివారం ఇద్దరూ వరస చివర నడిచారు. ముందు వెళ్లేవాళ్ల మాటలు చెట్ల మలుపుల్లో కలిసిపోయేవి. జూలైలో ఒకరోజు మంగర్ కొండల్లో వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒక్కటే గొడుగు, అదీ ఆమెది. తోక గొడుగులోకి రాకూడదన్న నియమం కూడా ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాడు గానీ సగం భుజం బయటే పెట్టి నడిచాడు. తడిసిన ఆ భుజాన్ని ఆమె రెండు మూడుసార్లు చూసింది. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆరోజే అడిగాడు, ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తారని. ఆమె క్షణం తడబడి, "మోకాలు" అంది.

మరుసటి వారం కరోల్ బాగ్ బజారులో మోకాలి పట్టీ ఒకటి కొనుక్కొచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని ఎడమ మోకాలికి తొడుక్కుంది. రెండు వారాల తర్వాత అది కుడి మోకాలికి ఉంది. పాపం, రెండూ పోయినట్టున్నాయని అతనికి బెంగ పట్టుకుంది. భూగోళం ఆప్షనల్‌గా తీసుకుని నదులన్నీ కంఠస్థం చేసినవాడికి ఆ పట్టీ కాలు మారడంలో సంగతి మాత్రం బోధపడలేదు.

ఆగస్టు చివర్లో మెయిన్స్ పరీక్షలు. మూడు ఆదివారాలు రాలేనని చెప్పి కోటూ విజిలూ సునంద ఆంటీకి అప్పజెప్పాడు. తిరిగొచ్చేసరికి ఆమె మళ్లీ వరస చివరే ఉంది, పట్టీతో సహా.

"రిజల్ట్ వచ్చాక ఏం చేస్తారు?" అని అడిగింది.

"వస్తే ముస్సోరి ట్రైనింగు. రాకుంటే జగిత్యాల."

"మధ్యలో ఢిల్లీ లేదా?"

ఉంది. మయూర్ విహార్ మెట్రో స్టేషను దాకా ఉంది. కానీ ఆ మాట చెప్పడానికి ముందు చేతిలో ఒక ఉద్యోగం ఉండాలని అతను నమ్మాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి కిటికీ లేని గదికి తప్ప ఎవరికీ తెలియదు.

డిసెంబరు చివర ఉత్తరాఖండ్ మంచు కొండకి నాలుగు రోజుల ప్రయాణం, పన్నెండు మందికే చోటు. మీరొస్తున్నారు కదా అని అక్టోబరు నుంచి ఆమె నాలుగుసార్లు అడిగింది. తోక లేకుండా ఎట్ల పోతరు, వస్త అన్నాడు. ఆమె కొత్త బూట్లు కొనుక్కుంది.

ఎవరు కొండ ఎక్కగలరో తేల్చేది తోక నివేదిక ఒక్కటే, అందులో సదాశివరావు గారి సొంత మాటకీ చోటు లేదు. సాయిప్రకాష్ దాన్ని ఒక రాత్రంతా కూర్చుని రాశాడు. ఆమె పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. మంచు కనబడింది, జారే రాళ్లు కనబడ్డాయి, రెండు మోకాళ్లూ కనబడ్డాయి. ఆమె పక్కన నాలుగు రోజులు నడవాలని ఎంత ఉన్నా, కాలు విరిగితే ఆ పాపం తనదే. తాను రాసిన పేజీలన్నీ తిరగేసి, 'అన్ని నడకల్లోనూ చివర. రెండు మోకాళ్లూ నొప్పి. కొండ ఎక్కడం ప్రమాదం' అని రాశాడు. తాను లేని మూడు ఆదివారాల పేజీలు తిప్పలేదు, పరీక్షల్లో పడి అప్పటి బులెటిన్లూ చూడలేదు. ఆమెకి మేలు చేశాననుకుని పడుకున్నాడు.

బుధవారం జాబితా గ్రూపులో వచ్చింది. పన్నెండు పేర్లు, చివరిది అతనిది. ఆమె పేరు లేదు. టైపు చేసి పెట్టింది ఆమే.

శుక్రవారం ఫలితాలు వచ్చాయి. రోల్ నంబరు వెతికాడు. లేదు. అంకె తప్పు కొట్టానేమోనని మళ్లీ వెతికాడు. మూడోసారి వెతకలేదు. అది ఆఖరి అవకాశం, ఇంకోసారి రాయడానికి ప్రయత్నాల లెక్క ఒప్పుకోదు. తండ్రి ఫోన్ చేసి, పరీక్ష పోతే పోయింది, నువ్వైతే రమ్మన్నాడు. కరీంనగర్లో మేనమామ ఎవరితోనో మాట్లాడి కోచింగ్ సెంటర్లో భూగోళం చెప్పే పని చూశాడట. ఆరేళ్ల పుస్తకాలు మూడు గోనె సంచుల్లో పట్టాయి. ఇరవై మూడు, మంగళవారం రైలుకి టికెట్ దొరికింది.

ఆ ఆదివారం ఊరంతా పొగమంచు. గాలి మరీ పాడైందని నడక రద్దు చేశారు. అతను గదిలో పడుకుని గోడ చూస్తూ గడిపాడు. ఎవరైనా ఓదారుస్తారేమోనని ఫోను పక్కనే పెట్టుకున్నాడు. గ్రూపులో చాలామంది ఓదార్చారు. ఆమె మాత్రం ఒక్క మాటా రాయలేదు.

తర్వాతి ఆదివారం గురుగ్రామ్ ఆరావళి పార్కులో నడక. ఆమె వచ్చింది, కొత్త బూట్లేసుకుంది, పట్టీ లేదు. అతని వైపు చూడకుండా నేరుగా వరస ముందుకెళ్లి సదాశివరావు గారి పక్కన నిలబడింది. ఆ తర్వాత ఆమె అతనికి కనపడింది ఎర్ర ఉన్ని టోపీగానే. కాసేపటికి పొగమంచు ఆ టోపీని కూడా మింగేసింది.

ఓడిపోయినవాడి పక్కన నడిచి ఎవరు బాగుపడ్డారులే అనుకున్నాడు. ఆమె తప్పేమీ లేదనీ అనుకున్నాడు. అలా అనుకోవడం వల్ల గుండె ఏమీ తేలిక కాలేదు. టీ దగ్గర ఆమె నివేదికని రేడియో వార్తల్లా చదివి, రిజిస్టరు అతని చేతికి కాక పక్కనున్న బెంచీ మీద పెట్టింది.

తిరుగుదారిలో అతని పక్కన సునంద ఆంటీ నడుస్తోంది. ఆవిడది అనంతపురం, భర్త పోస్టల్ శాఖలో. ఇవాళ కిరణ్మయి మోకాళ్ల నొప్పితో అంత ముందు ఎట్ల నడిచిందో అని అతను పైకే అన్నాడు.

"మోకాళ్ల నొప్పా?" అంది ఆవిడ. "ఆ పాపకా? నువ్వు పరీక్షలకు పోయినప్పుడు నేనే గదప్పా తోక. దాని ఎనకాల నడవలేక నాకు ఆయాసమొచ్చింది. రిజిస్టర్లో రాసినాను, చూసుకోపో."

మెట్రోలో, నిలబడే, చూసుకున్నాడు. మూడు పేజీలు, ఆంటీ గుండ్రటి అక్షరాలు. మొదటి ఆదివారం: 'కిరణ్మయి అందరికన్నా ముందు.' రెండోది: 'కిరణ్మయి మళ్లీ ముందే, తల కన్నా ముందు పోయినందుకు సార్ కేకలేసినారు.' మూడోది: 'కిరణ్మయి ముందు. పట్టీ వేసుకోలేదు.'

దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

పట్టీ కాలు ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది. నొప్పి లేని మనిషికి ఏ కాలైతేనేం! పది నెలలు ఆమె తన కోసం అడుగు తగ్గించి నడిస్తే, తాను ఆ అడుగుల్ని లెక్కబెట్టి, పనికిరాదని రాసి, చివరికి ఆ జాబితా ఆమె చేతే టైపు చేయించాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజికి ఒక్కటే జవాబు వచ్చింది: 'నడక విషయాలుంటే గ్రూపులో పెట్టండి.'

మరునాడు మయూర్ విహార్లో సదాశివరావు గారింటికి వెళ్లి, తన నివేదిక తప్పని, ఆమె పేరు చేర్చాలని అడిగాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ మూడు పేజీలూ చదివారు.

"చేరుద్దాం. నువ్వు ఊరికి పోతున్నావు గనక చోటు కూడా ఉంది. సవరణ రాసియ్యి, కారణం చూపించు."

"కారణం అక్కర్లేకుండ చేస్తే కాదా సార్?"

"ముప్పై నాలుగేళ్ల సర్వీసులో కారణం లేని సవరణ మీద సంతకం పెట్టలేదయ్యా."

"రాస్తే ఆదివారం అందరి ముంగట చదువుతరు సార్. చదివేది ఆమెనే."

పెద్దాయన పచ్చ సిరా కలం మూత తీసి, మళ్లీ పెట్టారు.

"ఏం ప్రకాశం, ఆరేళ్లు పరీక్షలు రాశావు. ఇదొక్కటీ రాయలేవా?" అన్నారు.

ఆఖరి ఆదివారం మంగర్. ఎముకలు కొరికే చలి, సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని తెల్లటి ఉదయం. పద్నాలుగు మంది వచ్చారు. ఎర్ర టోపీ ముందు, పసుపు కోటు వెనక, మధ్యలో మంచు. అతను ప్రతి మలుపు దగ్గరా కాస్త ఆగి చూశాడు. ఇక్కడే గొడుగు పట్టింది, ఇక్కడే ఢిల్లీ లేదా అని అడిగింది. ఇక రానన్న సంగతి ఆ దారికి చెప్పినట్టు, ఒకచోట చెట్టు మీద చెయ్యి వేశాడు.

నడక ముగిసే గుట్ట మీద టీ ఫ్లాస్కులు తెరిచారు, సునంద ఆంటీ పులిహోర డబ్బా తీసింది. కిరణ్మయి చేతి తొడుగులు తీసి రిజిస్టరు అందుకుంది.

"ఆదివారం, మంగర్. వెళ్లినవాళ్లు పద్నాలుగు, తిరిగొచ్చినవాళ్లు పద్నాలుగు. నీల్‌గాయ్ జింక ఒకటి కనిపించింది. పోయిన వస్తువు, చేతి తొడుగు ఒకటి, సదాశివరావు గారిది." పేజీ తిప్పింది. "సవరణ. కొండ ప్రయాణం కోసం నేనిచ్చిన నివేదికలో కిరణ్మయి గారు..."

ఆగింది. కళ్లు వేగంగా కిందికి జారాయి.

"గట్టిగా చదువమ్మా" అంది సునంద ఆంటీ. "రూలు గదా."

కిరణ్మయి గొంతు సవరించుకుంది. ఈసారి అది వార్తలు చదివే గొంతు కాదు.

"కిరణ్మయి గారు నడవలేరని రాశాను. అది తప్పు. నేను లేని మూడు ఆదివారాలూ ఆమె అందరికన్నా ముందు నడిచారు. ఆమె పేరు జాబితాలో చేర్చవలసిందిగా మనవి. కారణం. ఆమె మోకాళ్లలో ఏ దోషమూ లేదు. నాతో నడవడానికే వెనక నడిచారని పది నెలలు నాకు తెలియలేదు. జూన్లో తోక పని వేరేవాళ్లకిస్తామంటే వద్దన్నది నేనే. అదీ ఆమె పక్కన నడవడానికే. ఈ సంగతి ఎప్పుడో నోటితో చెప్పవలసింది. పరీక్ష పాసైతే చెబుదామని ఆగాను. పాస్ కాలేదు. మంగళవారం వెళ్లిపోతున్నాను. జాబితాలోంచి నా పేరు తీసేయగలరు."

పులిహోర డబ్బా చేతులు మారడం మానేసింది. సాయిప్రకాష్ కీకర్ చెట్ల వైపు చూస్తున్నాడు, మార్చిలో చూసినంత శ్రద్ధగా.

"ఇందులో ఒక తప్పుంది" అంది కిరణ్మయి. కళ్లు తుడుచుకోలేదు. "మోకాళ్లలో దోషం లేదన్నారు. పోయిన ఆదివారం, ఈ ఆదివారం కోపంతో పరిగెత్తాను. కుడిది నిజంగానే నొప్పిగా ఉంది."

సదాశివరావు గారు రిజిస్టరు తీసుకుని అతని సవరణకి ఆమె సవరణని కలిపి కింద పచ్చ సిరాతో సంతకం పెట్టారు. తర్వాత సాయిప్రకాష్ ఒంటి మీది కోటు అడిగి తీసుకున్నారు. వెళ్లిపోయే మనిషి దగ్గర బృందం వస్తువులు ఉండకూడదట. ఆ కోటూ విజిలూ రిజిస్టరూ కిరణ్మయి చేతిలో పెట్టి, కార్ల దాకా ఇక ఈమే తోక అని ప్రకటించి, మిగతావాళ్లని తోలుకుని ముందు నడిచారు. సునంద ఆంటీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడబోతే ఆయన గదమాయించారు.

ఇద్దరూ మిగిలారు. మెల్లగా దారి పట్టారు.

"ఆ జాబితా నేనే టైప్ చేశాను, తెలుసా" అంది ఆమె. "పన్నెండో పేరు మీది. పదమూడోది ఉంటుందేమో అని పేపరు వెనక్కి తిప్పి చూశాను. మతలబ్... అంటే, అంత పిచ్చిదాన్ని."

"కాళ్లు విరుగుతయని భయపడ్డ."

"అడగొచ్చు కదా నన్ను."

"అడగాల్సింది. నేను ఫెయిలైన కాబట్టి ముంగటికి పోయినవనుకున్న."

ఆమె నిలబడిపోయింది. కోపంతో హిందీ రావాలి, కానీ అదీ రాలేదు.

"రిజల్ట్ రోజు మీ నంబరు నేనూ వెతికాను" అంది చివరికి. "ఆఫీసు వాష్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మీ మీద అంత కోపంగా ఉండి కూడా."

దారి దిగువన మంచులో కార్ల లైట్లు మసగ్గా వెలిగాయి. అవి దగ్గరవుతున్నకొద్దీ అతను అడుగు తగ్గించాడు. మంగళవారం బండి ఎన్నింటికని ఆమె అడిగింది. నాలుగింటికన్నాడు. సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కి వస్తాననీ, తానొచ్చేదాకా ఎక్కొద్దనీ అంది. కరీంనగర్లో నడవడానికి గుట్టలున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. నువ్వు కొండకి మాత్రం తప్పకుండా పో, ఫొటోలు గ్రూపులో పెట్టు అన్నాడు. పెడతానంది. ఆ కొండ మీద అతనుండడన్న మాట ఇద్దరూ ఎత్తలేదు.

కార్లు ఇంకో రెండొందల అడుగులున్నాయనగా దారి పక్కన ఒక బండ కనపడింది. సాయిప్రకాష్ దాని మీద కూర్చుని, బూటు లేసు విప్పాడు.

"నువ్వు నడువు. నేను వస్త."

కిరణ్మయి పసుపు కోటు గుండీలు పెట్టుకుంది. ఆ కోటు ఆమెకి మోకాళ్ల దాకా వచ్చింది.

"వెళ్లకూడదండీ" అంది. "నేను తోక."

అటు తిరిగి కీకర్ చెట్లు చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం గ్రూపులో వచ్చిన బులెటిన్లో నీల్‌గాయ్ ఉంది, పోయిన చేతి తొడుగు ఉంది, జాబితాలో చేరిన పేరూ తీసేసిన పేరూ ఉన్నాయి. అన్నిటికన్నా కింద కొత్త తోక రాసిన మొదటి వాక్యం: 'సాయిప్రకాష్, బూటు లేసు, నలభై నిమిషాలు.' దానికి కారణం రాయలేదు. సదాశివరావు గారు అడగకుండానే సంతకం పెట్టారు.